కారే కట్ట చేసే పని

(బెంగళూరులో తెలుగువాళ్లు నెలకోసారి కలుసుకునే ఆదివారం కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు సీసాలు పెట్టాను. ముందు వాటి సంగతి చెప్పి, తర్వాత అసలు విషయానికి, వాగులకు కట్టలు వేసే బీవర్ అనే జంతువు దగ్గరికి, వస్తాను.

మొదటి సీసాలో ఉన్నవి మా వీధిలో ఒకరింటి బోరు నీళ్లు. పొద్దున ఏడు గంటలకు పంపు దగ్గర పట్టినప్పుడు అద్దంలా ఉన్నాయి. ఇప్పుడు పదకొండు కావస్తోంది. చూడండి, లేత ఇటుక రంగు వచ్చేసింది. అడుగున సన్నటి ఎర్రటి నలక దిగింది. నేనేమీ కలపలేదు, మూత తీసి ఉంచానంతే. మీలో చాలామంది ఇళ్లలో బకెట్లకు పట్టే ఎర్ర మరక ఇదే. రాత్రి పట్టిన నీళ్లు తెల్లారేసరికి ఎర్రబడితే ట్యాంకు కడగలేదని అనుకుంటాం. అది ట్యాంకు తప్పు కాదు. భూమి లోపల గాలి అందని చోట ఇనుము నీళ్లలో కరిగిపోయి ఉంటుంది, కంటికి కనపడదు. పైకి వచ్చి గాలి తగలగానే తుప్పుగా మారి బయటపడుతుంది.

రెండో సీసాలో ఉన్నది మూడు నెలల కిందట ఒక చెరువు ఒడ్డున తీసిన బురద. అందులో చింపిన పాత న్యూస్ పేపర్, ఒక కోడిగుడ్డు పచ్చసొన కలిపి, పైన చెరువు నీళ్లే పోసి కిటికీ దగ్గర పెట్టాను. పెట్టిన రోజు అంతా ఒకటే బూడిద రంగు. ఇప్పుడు పొరలు పొరలుగా విడిపోయింది. పైన పచ్చగా ఉంది, దాని కింద గోధుమ రంగు, అడుగున బొగ్గులా నలుపు. ఆ నలుపు దగ్గర కుళ్లిన గుడ్డు వాసన ఉంటుంది. అది పచ్చసొన వాసన మాత్రమే కాదు, అక్కడ బతికే సూక్ష్మజీవుల ఊపిరి. సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త 1880లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇంట్లో పిల్లలతో చేయించవచ్చు.

బీవర్ వాగుకు అడ్డంగా కట్ట వేస్తే ఆ నీటికి ఏమవుతుంది అన్నది ఈ రోజు విషయం. ఏమవుతుందో ఈ రెండు సీసాల్లోనే ఉంది.

బీవర్ మన దేశంలో లేదు. తెలుగులో దానికి పేరు కూడా లేదు. కొందరు నీటికుక్క అనుకుంటారు, కానీ నీటికుక్క చేపలు తినే వేరే జంతువు. ఇది ఎలుకల వర్గానిది, పూర్తి శాకాహారి. బాగా ఎదిగితే ఇరవై, ముప్ఫై కిలోలు తూగుతుంది. ఉత్తర అమెరికాలో ఒక జాతి, యూరప్, ఆసియా చల్లని ప్రాంతాల్లో ఇంకో జాతి. ముందు పళ్లు నారింజ రంగులో ఉంటాయి, ఆ రంగు ఇనుముది. పంటి పైపూతలో ఇనుము ఉండబట్టి అవి గట్టిగా ఉంటాయి. ఆ పళ్లతో చెట్టును కొరికి పడేస్తుంది, బెరడు తింటుంది, కొమ్మల్ని లాక్కొచ్చి వాగులో అడ్డం వేస్తుంది, రాళ్లు పేరుస్తుంది, బురద మెత్తుతుంది. వెనక నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్ల మధ్య గూడు కట్టుకుంటుంది. తోడేళ్ల నుంచి కాపాడుకోవడానికి దానికి లోతు నీళ్లు కావాలి, అంతే. కెనడాలో వుడ్ బఫెలో నేషనల్ పార్కులో ముప్పావు కిలోమీటరు పొడవైన బీవర్ కట్ట ఒకటి ఉంది. అది 2007లో ఉపగ్రహ చిత్రాల్లో బయటపడింది.

ఇంకొక మాట. నీళ్లు కారే చప్పుడు వినపడితే బీవర్ అక్కడికి వెళ్లి బురద మెత్తుతుంది. స్వీడన్‌లో లార్స్ విల్సన్ అనే ఆయన స్పీకర్లో పారే నీటి చప్పుడు వినిపిస్తే, నీళ్లు లేని చోట కూడా అవి కొమ్మలు పేర్చాయి. నాకు ఇది చదివినప్పుడు మా ఊరి నీరుగంటి, అంటే చెరువు నీళ్లు చూసుకునేవాడు, గుర్తొచ్చాడు. మాది మదనపల్లె పక్కన చిన్న పల్లె. వానాకాలం రాత్రుళ్లు లాంతరు పట్టుకుని చెరువుకట్ట మీద నడిచేవాడు. చూసేది తక్కువ, వినేది ఎక్కువ. కట్ట కింద ఎక్కడ బుడబుడమన్నా ఆగిపోయేవాడు.

మనకు కట్ట కారడం అంటే భయం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. చెరువు ఎలా కట్టాలి, ఏమేం ఉండాలి అని అందులో లెక్కగా చెప్పారు. చెరువుకు ఉండకూడని దోషాలు కూడా చెప్పారు. వాటిలో కట్ట నుంచి నీరు కారడం ఒకటి. చవుడు నేల మరొకటి. ఆ రోజుల్లోనే నేల గుణం నీటికి పడుతుందని రాసి పెట్టారంటే, ఆ మనుషులు నీటిని ఎంత దగ్గరగా చూశారో అనిపిస్తుంది.

ఆయకట్టుకు నీళ్లు దాచుకునే చెరువుకు కారడం దోషమే. అందులో అనుమానం లేదు. కానీ బీవర్ కట్ట ఎంత మెత్తినా కారుతూనే ఉంటుంది. కొమ్మల మధ్య నుంచి కారుతుంది, మీద నుంచి పొర్లుతుంది, పక్క ఒడ్డుల్లోకి ఇంకి, భూమి లోపల చుట్టూ తిరిగి కింద ఎక్కడో ఊటగా పైకి వస్తుంది. అది నీటిని ఆపే కట్ట కాదు, ఆలస్యం చేసే కట్ట. నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఆ ఆలస్యం గురించే. ఆలస్యం అమృతం విషం అంటాం కదా. నీటి విషయంలో చాలాసార్లు తిరగబడుతుంది. ఆలస్యమే విషాన్ని విరుస్తుంది.

ఎలా విరుస్తుందో చూద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా దానంతట అదే తెలిసిపోతుంది.

వాగులో నీళ్లు రాళ్ల మీద ఎగిరి పడుతూ పోతున్నప్పుడు గాలి బాగా కలుస్తుంది. అయినా నీళ్లలో పట్టే ఆక్సిజన్ చాలా తక్కువ. ఇరవై అయిదు డిగ్రీల వేడిలో లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములు, అంతకు మించి నిలవదు. మన బెంగళూరు ఎత్తులో ఇంకాస్త తగ్గుతుంది. అదే నీళ్లు కట్ట వెనక నిలిచాయి. పైనుంచి ఆకులు, బెరడు, మట్టి వచ్చి అడుగున పడ్డాయి. వాటిని తినడానికి సూక్ష్మజీవులు సిద్ధం. తినేవి తినడంతో పాటు ఊపిరి కూడా తీసుకోవాలి. ఉన్న కాస్త ఆక్సిజన్ ముందు ఖర్చవుతుంది. అడుగు బురదలో కొన్ని మిల్లీమీటర్లు దిగితే చాలు, ఆక్సిజన్ సున్నా.

మా అవ్వ కరువు రోజుల గురించి చెప్పేది. ఇంట్లో బియ్యం ఉన్నన్నాళ్లు అన్నం. అవి అయిపోతే రాగి సంగటి. అదీ చాలకపోతే అంబలి. అంబలికీ పిండి లేని రోజున అడవిలో గడ్డలు తవ్వుకొచ్చేవాళ్లు. కడుపు నింపుకునే దారి మారుతుంది కానీ తినడం ఆగదు. బురదలో సూక్ష్మజీవులదీ అదే వరస. ఆక్సిజన్ అయిపోతే నైట్రేట్‌తో ఊపిరి తీస్తాయి. నైట్రేట్ అయిపోతే మాంగనీసు, తర్వాత ఇనుము, తర్వాత గంధకం ఉన్న సల్ఫేట్. అన్నీ అయిపోయాక చివరి మెట్టు మీద మీథేన్ వాయువు పుట్టించేవి మిగులుతాయి. మెట్టు దిగిన కొద్దీ దొరికే శక్తి తగ్గుతుంది. ఈ సీసాలో మీరు చూస్తున్న పొరలు ఆ మెట్లే. అడుగున నలుపు ఇనుము, గంధకం కలిసిన పదార్థం.

ఇప్పుడు ఒక్కో మెట్టు దగ్గర నీళ్లకు ఏం జరుగుతుందో చూడండి. నైట్రేట్ మెట్టు మీద నైట్రేట్ నైట్రోజన్ వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. మనం పొలంలో చల్లే యూరియాలో పైరుకు అందనిది నైట్రేటై నీళ్లలోకి దిగుతుంది. మన తాగునీటి ప్రమాణం ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. నేను నీటి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను, పల్లెల బోర్ల నుంచి వచ్చే నీళ్లలో ఈ గీత దాటినవి ఎన్నో చూశాను. నైట్రేట్ మరగబెడితే పోదు, వడగడితే పోదు. ఖర్చు లేకుండా పోగొట్టే దారి ఈ సూక్ష్మజీవులే. వాటికి కావాల్సినవి మూడు: నైట్రేట్, తినడానికి కుళ్లే ఆకూ అలమూ, ఆక్సిజన్ లేని చోటు. బీవర్ చెరువులో మూడూ ఒకే చోట దొరుకుతాయి.

అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో బీవర్ చెరువుల అడుగు మట్టిని తీసి, గుర్తుపట్టగలిగే నైట్రోజన్ కలిపి కొలిచారు. ఆ ప్రాంతపు పల్లె వాగుల్లోకి చేరే నైట్రోజన్‌లో 5 నుంచి 45 శాతం వరకు ఈ చెరువులు తీసేయగలవని 2015లో అంచనా వేశారు. 5కూ 45కూ మధ్య చాలా దూరం ఉంది, నిజమే. ఎన్ని చెరువులున్నాయి, ఎంత ఎరువు వస్తోంది అన్నదాన్ని బట్టి మారుతుంది. ప్రకృతిలో కొలతలు అలాగే ఉంటాయి.

కొలరాడోలో జరిగిన సంగతి నాకు ఇంకా ఇష్టం. క్రెస్టెడ్ బ్యూట్ అనే ఊరి దగ్గర ఈస్ట్ రివర్ అని ఒక కొండవాగు ఉంది. స్టాన్‌ఫర్డ్ నుంచి క్రిస్టియన్ డ్యూయీ, స్కాట్ ఫెండార్ఫ్ వగైరాలు అక్కడ ఒడ్డు నేలలో నీరు ఎలా కదులుతోంది, దానిలో ఏమేం మారుతున్నాయి అని కొలుస్తూ ఉండేవారు. వాళ్ల ఉద్దేశం కరువు ఏడాదికీ వరద ఏడాదికీ తేడా పట్టుకోవడం. 2018లో అక్కడ నీళ్లు బాగా తగ్గాయి. ఆ ఏడాదే బీవర్లు వచ్చి, పరికరాలు ఉన్న చోటే వాగుకు కట్ట వేశాయి. ఇంకొకరైతే పని చెడిందనుకునేవాళ్లు. వాళ్లు కొలవడం ఆపలేదు. ముందూ వెనకా రెండూ చేతిలో ఉన్నాయి కాబట్టి పోల్చి చూశారు. ఎండకూ వరదకూ మధ్య సహజంగా వచ్చే ఒత్తిడి తేడా కంటే, ఆ కొమ్మల కట్ట ఒడ్డు నేలలోకి నీటిని నెట్టిన ఒత్తిడి 10 రెట్లకు మించి ఉంది. నేలలోకి దూరిన నీరు గాలి అందని మట్టి గుండా పోయింది. కాలాల మార్పు వల్ల పోయే నైట్రేట్ కంటే 44 శాతం ఎక్కువ పోయింది. 2022లో ఈ ఫలితం అచ్చయింది.

శాసనంలో దోషమని రాసిన కారడం ఇక్కడ చేసిన పని అది.

ఇంకో మెట్టు దిగుదాం, ఇనుము దగ్గరికి. తుప్పుగా గట్టిగా ఉన్న ఇనుము గాలి లేని చోట కరిగి నీళ్లలోకి వస్తుంది. కట్ట కింద ఆ నీరు ఊటగా బయటపడి గాలి తగలగానే మళ్లీ తుప్పు. అందుకే చాలా బీవర్ కట్టల దిగువన నారింజ రంగు జిగురు కనిపిస్తుంది. ఎవరో కెమికల్ పారబోశారని జనం కంగారుపడతారు. మన మొదటి సీసాలో జరిగింది అదే, అక్కడ ఇనుము తినే సూక్ష్మజీవులు కూడా తోడవుతాయి కాబట్టి జిగురుగా ఉంటుంది.

ఆమ్లం సంగతి కూడా ఈ మెట్ల మీదే తేలుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో అడిరాండాక్ కొండలు ఉన్నాయి. బొగ్గు కరెంటు కేంద్రాల పొగ వల్ల అక్కడ దశాబ్దాల పాటు ఆమ్ల వర్షాలు కురిశాయి, చేపలు పోయాయి. సిరక్యూజ్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ డ్రిస్కాల్ తన తోటివాళ్లతో కలిసి ఒక బీవర్ చెరువులోకి వచ్చే నీటిని, బయటికి పోయే నీటిని పరీక్షించారు. 1991లోనూ 1993లోనూ వచ్చిన ఆ పరిశోధనల్లో తేలింది ఇది: చెరువు దాటాక నీటిలో ఆమ్లం తగ్గింది, నైట్రేట్, సల్ఫేట్ తగ్గాయి, చేపల మొప్పలకు హాని చేసే అల్యూమినియం తగ్గింది. ఇనుము, మాంగనీసు పెరిగాయి, ఆక్సిజన్ తగ్గింది, ఆకుల సారం దిగి నీటికి టీ డికాక్షన్ రంగు పెరిగింది. నైట్రేట్ వాయువుగా మారిన ప్రతిసారీ ఒక ఆమ్ల కణం ఖర్చవుతుంది, సల్ఫేట్ మారితే రెండు. లెక్క అంత సూటిగా ఉంటుంది. కట్ట తెగి బురద ఎండిపోతే మాత్రం గంధకం మళ్లీ గాలితో కలిసి ఆ ఆమ్లం తిరిగి వస్తుంది. చెరువు బతికి ఉన్నంత వరకే ఈ మేలు.

ఇక బురద. దీని గురించి మాట్లాడకుండా పల్లె నుంచి వచ్చినవాళ్లం ఎలా ఉంటాం?

ఇంగ్లండ్‌లో డెవాన్ అనే చోట 2011లో ఒక బీవర్ జంటను కంచె వేసిన చిన్న అడవిలో వదిలారు. పైన పశువులు మేపే పొలాలు, వాటి మీదుగా సన్నటి వాగు. కొన్నేళ్లకు అవి పదమూడు చెరువులు చేశాయి. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు దిగి మట్టి కొలిచారు. సుమారు 100 టన్నుల మట్టి నిలిచింది, అందులో దాదాపు 16 టన్నుల కార్బన్, టన్నుకు కాస్త తక్కువ నైట్రోజన్. టన్నుకు తక్కువ నైట్రోజన్ అంటే మనకు తట్టదు. యూరియా బస్తాల్లో చెప్పుకుంటే 45 కిలోల బస్తాలు 44. ఎక్కువ భాగం పైనున్న పొలాల నుంచి కొట్టుకొచ్చిందే. ఒక చిన్న వాగు మీద, ఒక కుటుంబం, అన్ని బస్తాలు నదిలో కలవకుండా పట్టి ఉంచింది. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో కరెంట్ క్రీక్ అనే వాగు మీద 1980లలోనే ఇలాంటిది చూశారు. బీవర్ చెరువులు దాటాక నీటిలో తేలే మట్టి తగ్గింది, దాన్ని అంటిపెట్టుకుని వచ్చే భాస్వరమూ తగ్గింది.

భాస్వరం మాట వచ్చింది కాబట్టి ఒక తేడా గుర్తుపెట్టుకోండి. నైట్రోజన్‌కు ఆకాశమార్గం ఉంది, వాయువై వెళ్లిపోతుంది. భాస్వరానికి ఆ దారి లేదు. పోతే నీళ్లతో పోవాలి, లేకపోతే బురదలోనే ఉండాలి. బురదలో అది తుప్పు ఇనుమును పట్టుకుని ఉంటుంది. ఆక్సిజన్ పోయి ఇనుము కరిగితే, పట్టుకున్న చెయ్యి వదిలినట్టు భాస్వరం కూడా నీళ్లలోకి వచ్చేస్తుంది. ఇంగ్లండ్ సరస్సుల మీద పనిచేసిన క్లిఫర్డ్ మార్టిమర్ 1940ల మొదట్లోనే ఇది చూపించాడు. అందుకే బీవర్ చెరువు భాస్వరాన్ని కొంతకాలం దాస్తుంది, కొన్ని ఎండాకాలాల్లో కొంత తిరిగి ఇస్తుంది. శాశ్వతంగా తీసేయడం దాని చేతిలో లేదు.

అన్నీ మంచి మాటలే చెప్తే అబద్ధం చెప్పినట్టే. కొత్తగా మునిగిన నేలలో పాదరసం ఉంటే, ఈ గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులే దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. జపాన్‌లో మినమాటా ఊరిని నాశనం చేసినది ఆ విషమే. బీవర్ చెరువుల్లో అంత స్థాయిలో ఉండదు, కానీ కెనడాలోని క్యుబెక్‌లో, స్వీడన్‌లో కొత్త చెరువుల దిగువన అది పెరగడం కొలిచి చూపించారు. పాతబడిన చెరువుల్లో అంతగా కనపడలేదు. మునిగిన తొలి ఏళ్లలో కుళ్లే పదార్థం ఎక్కువ కాబట్టి ఆ కాలమే కష్టం. మీథేన్ సంగతి చెప్పనే చెప్పాను, చివరి మెట్టు. నిలిచిన నీరు ఎండకు వేడెక్కుతుంది కూడా, చల్లటి నీళ్లు కోరే చేపలకు కొన్నిచోట్ల అది ఇబ్బంది.

నన్ను ఈ విషయంలో ఎక్కువగా కదిలించింది వేరే ఉంది. యూరప్ వాళ్లు రాకముందు ఉత్తర అమెరికాలో బీవర్లు కనీసం 6 కోట్లు ఉండేవని అంచనా. 40 కోట్ల దాకా చెప్పినవాళ్లూ ఉన్నారు. బొచ్చు టోపీల కోసం వేటాడి వేటాడి 1900 నాటికి లక్ష దాకా మిగిల్చారు. నీటి రసాయన శాస్త్రం పెరిగింది ఆ తర్వాతే. అంటే శాస్త్రవేత్తలు సీసా పట్టుకుని వాగు దగ్గరికి వెళ్లేసరికి, ఆ వాగును వేల ఏళ్లుగా ఆపి ఆపి వదిలిన జంతువు అక్కడ లేదు. గబగబా పారిపోయే నీటినే సహజమైన వాగు అని రాసుకున్నారు. మిన్నెసోటాలో కాబెటోగామా ద్వీపకల్పంలో 1927లో నేలలో 1 శాతమే బీవర్ నీటి కింద ఉండేది, 1988 నాటికి 13 శాతం అయింది. రాబర్ట్ నైమన్ బృందం దాన్ని పాత ఫొటోల నుంచి లెక్కగట్టింది. జంతువు తిరిగి వచ్చాక గానీ పాత వాగు ఎలా ఉండేదో తెలియలేదు.

మన రాయలసీమ, కోలారు వాగుల గురించి కూడా ఇదే అడగాలి. ఇక్కడ బీవర్ లేదు, మనిషి ఉన్నాడు. వెయ్యేళ్లుగా పై చెరువు నిండి మరువ (మిగులు నీరు పొర్లే చోటు) పారితే కింది చెరువుకు, అది నిండితే ఇంకో దానికి, గొలుసుకట్టుగా కట్టుకుంటూ వచ్చారు. ఈ బెంగళూరూ అలాంటి ఊరే. ఇక్కడివాళ్లు రాజకాలువె అనేది ఆ గొలుసులో లంకెనే. ఒక్క వాన నీరు సముద్రం వైపు పోయేలోపు ఎన్నిసార్లు ఆగేదో, ఎన్ని బురదల మీదుగా పోయేదో. ఆ ఆగడంలో జరిగిన రసాయనం మన బావుల నీటిలో ఉండేది. చెరువులు పూడ్చి లేఅవుట్లు వేసినప్పుడు నీళ్ల పరిమాణం పోయిందనే అంటాం. నీళ్ల గుణం కూడా పోయింది.

ఇక్కడి బెళ్లందూరు చెరువు గురించి మీరు అడిగేలోపే చెప్తాను. అదీ నిలిచిన నీరే, అక్కడా గాలి లేని బురదే. మరి అక్కడ 2015లో, 2017లో, 2018లో మంటలు, పొగ, చెరువు కొసన మరువ దగ్గర నీళ్లు కిందికి దూకే చోట రోడ్డెక్కే నురగ, ఇవన్నీ ఎందుకు? రసాయనం అదే. మోతాదు వేరు. అడవి వాగు చెరువుకు ఆకులు ఇస్తుంది, ఊరు మురుగు ఇచ్చింది, సబ్బు నీళ్లు ఇచ్చింది. ఆకలికి పెట్టిన అన్నం వేరు, గొంతులో కుక్కిన అన్నం వేరు. చెరువు మొదటి మెట్టు నుంచి చివరి మెట్టుకు ఒక్కసారిగా పడిపోయింది. సామెత చెప్పిన ఆలస్యం అమృతం విషం అక్కడ అక్షరాలా నిజమైంది. ఊరికి ఉత్తరాన జక్కూరు చెరువు చూడండి. మురుగును ముందు శుద్ధి కేంద్రంలో తేలికచేసి, తర్వాత జమ్ము పెరిగిన మడుగు గుండా పంపి, ఆ పైన చెరువులోకి వదులుతారు. చెరువు మోయగలిగినంతే దాని నెత్తిన పెట్టారు.

ఇక మీ ప్రశ్నలు.

(ప్రశ్న: బీవర్లను ఇక్కడికి తెచ్చి వదిలితే?)

వద్దమ్మా. మంచి ఉద్దేశంతోనే అడిగావు, కానీ వద్దు. 1946లో అర్జెంటీనా ప్రభుత్వం కెనడా నుంచి ఇరవై బీవర్లను తెచ్చి తమ దేశపు దక్షిణ కొసన ఉన్న టియెర్రా డెల్ ఫ్యూగోలో వదిలింది, బొచ్చు వ్యాపారం కోసం. ఇప్పుడు అక్కడ వాటి లెక్క లక్ష దాకా చెప్తారు. కెనడాలో బీవర్ కొరికిన చెట్లు చాలావరకు మొదలు నుంచి మళ్లీ చిగురిస్తాయి. టియెర్రా డెల్ ఫ్యూగోలోని లెంగా చెట్లు కొరికితే చిగురించవు, నీళ్లలో మునిగితే చనిపోతాయి. వాగుల వెంట అడవి మొత్తం ఎండు మొద్దులైంది. ఆ జంతువు ఏ వాగుతో కలిసి పెరిగిందో అక్కడే దాని పని చెల్లుతుంది. మనకు కావాలంటే వాగుకు అడ్డంగా రాళ్లూ కంపా పేర్చిన చిన్న అడ్డుకట్టలు ఉన్నాయి, కారేవి. అమెరికాలో కూడా ఇప్పుడు బీవర్లు లేని వాగుల్లో గుంజలు పాతి, కొమ్మలు అల్లి అలాంటివే కడుతున్నారు.

(ప్రశ్న: మాది కోలారు పక్కన. బెంగళూరు నుంచి శుద్ధి చేసిన నీళ్లు మా చెరువుకు వస్తున్నాయి. పూడిక తీయించాలా, అలా ఉంచేయాలా? మీరు బురదే పని చేస్తుందంటున్నారు.)

అన్నా, ఈ ప్రశ్న కోసమే వచ్చానేమో అనిపిస్తోంది. కోలారు చెరువులకు ఆ నీళ్లు 2018 నుంచి వస్తున్నాయి. వాటిలో నైట్రోజన్, భాస్వరం ఎంతో కొంత ఉంటాయి. నైట్రోజన్ సంగతి బురద చూసుకుంటుంది, నీళ్లు నిలిచే వ్యవధి ఉంటే చాలు. అందుకని నీళ్లు లోపలికి వచ్చే వైపు జమ్మును, తుంగను పీకించకండి. జేసీబీ పెట్టి మొత్తం గీకి, అడుగు బంకమట్టి పొర దాకా పోనివ్వకండి.

భాస్వరానికి మాత్రం, ఇందాక చెప్పాను, గాలిలో దారి లేదు. ఏటేటా బురదలో చేరుతూనే ఉంటుంది. బీవర్ చెరువుకు అక్కడితో అయిపోయింది, కట్ట తెగేదాకా అది అందులోనే. మన చెరువుకు ఇంకో దారి ఉండేది. మా చిన్నప్పుడు ఎండాకాలం చెరువు ఎండగానే బండ్లు దిగేవి. మా నాయన తెల్లవారుజామున ఎద్దుల్ని కట్టి, పగుళ్లు వారిన ఒండ్రును పలుగుతో పెళ్లలుగా లేపి బండిలో వేసేవాడు. పైన బూడిద రంగు, పెళ్ల తిప్పితే కింద నలుపు, కాసేపు ఎండలో ఉంటే ఆ నలుపు మీద సన్నటి తుప్పు రంగు. వేరుశనగ చేలో కుప్పలు పోసి చిమ్మేవాళ్లు. చేల నుంచి చెరువులోకి వచ్చిన భాస్వరం ఆ బండెక్కి మళ్లీ చేలోకి పోయేది.

కాబట్టి తీయించండి, కొంచెం కొంచెంగా, ఏడాదికో పక్క. పొలానికి తోలేముందు ఒక్క పని చేయండి. నాలుగు మూలల నుంచి దోసెడు దోసెడు మట్టి తీసి, కలిపి, భార లోహాల పరీక్ష చేయించండి. సీసం, కాడ్మియం, క్రోమియం పేర్లు రాసి మరీ అడగండి. ఊరి నీళ్లు వచ్చే చెరువు కదా. ఎలా తీయాలో, ఎంత తీయాలో తెలియకపోతే కూడిక అయ్యాక నా దగ్గరికి రండి, కాగితం మీద రాసిస్తాను.